పెన్‌డ్రైవ్ పెడ్తే యాక్సెస్ డినైడ్ అంటుందా? ఫార్మాట్ కొట్టకముందు ఇవి చూడండి

ముందుగాల ఒక్క మాట, ఫార్మాట్ అని వచ్చే బటన్ మీదికి మౌస్ పోనియ్యకండి. కాకతీయ యూనివర్సిటీ (కేయూ) క్రాస్ రోడ్డు కాడ ప్రాజెక్ట్ రిపోర్ట్ ప్రింట్ తీసుకుందామని నిలబడ్డ పిల్లలైనా, పెండ్లి వీడియో పెన్‌డ్రైవ్‌ల తెచ్చుకొని హన్మకొండల ఇంట్ల అందరిని కూసోబెట్టినోళ్లైనా, సిస్టమ్‌కు గుచ్చంగనే "యాక్సెస్ ఈజ్ డినైడ్" అని వస్తే పక్కనున్నోళ్లు ఇచ్చే మొదటి సలహా ఏందంటే ఫార్మాట్ కొట్టు మంచిగైతది అని. మంచిగైతది, అబద్ధం కాదు, కానీ లోపలున్నదంతా పోయినంక మంచిగై ఏం లాభం.

అసలు ఈ మెసేజ్ చెడ్డది కాదు, చానా మందికి ఇదే తెలవదు. యాక్సెస్ డినైడ్ అన్నదంటే విండోస్ ఆ డ్రైవ్‌ను గుర్తుపట్టింది, డ్రైవ్ లెటర్ ఇచ్చింది, మీదికెల్లి నిన్ను లోపలికి రానియ్యను అంటుంది, అంతే. లోపల డేటా ఎక్కువసార్లు సక్కగనే ఉంటది. భయపడాల్సిన మెసేజ్‌లు వేరే ఉన్నయి, వాటి సంగతి కింద చెప్త.

ఇగ పని మొదలువెడ్దాం. ఈడ డ్రైవ్ లెటర్ జి అనుకొని రాస్తున్న, మీ సిస్టమ్‌ల ఏ లెటర్ వస్తే అది పెట్టుకోండి.

మొదటి పని, మెసేజ్ మొత్తం చదవండి. ఓకే కొట్టి మూసేసి "ఏదో ఎర్రర్ వచ్చింది అన్నా" అంటే ఎవ్వరు ఏం చెప్పలేరు, ఫోన్‌తోని ఫోటో తీసుకోండి. "జి ఈజ్ నాట్ యాక్సెసిబుల్, యాక్సెస్ ఈజ్ డినైడ్" అంటే పర్మిషన్ లొల్లి లేదా సిస్టమ్‌ల ఎవరో పెట్టిన బ్లాక్. "యూ నీడ్ టు ఫార్మాట్ ది డిస్క్" అంటే ఫైల్ సిస్టమ్, అంటే డ్రైవ్‌ల ఏ ఫైల్ ఎక్కడున్నదో లెక్క పెట్టుకునే ఏర్పాటు, చెడిపోయింది. "ది డిస్క్ ఈజ్ రైట్ ప్రొటెక్టెడ్" అంటే చదువుడు అయితది గాని రాసుడు కాదు. "ప్లీజ్ ఇన్సర్ట్ ఎ డిస్క్" అని, డ్రైవ్ కనిపించుకుంటనే ఖాళీగా ఉంటే లోపల చిప్ దెబ్బతిన్నదని అనుమానపడాలె, దానికి సెట్టింగులు మార్చి లాభం లేదు.

ఇంకోటి, డ్రైవ్ మంచిగనే ఓపెన్ అయ్యి లోపల "సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్" అనే ఫోల్డర్ ఒక్కటే తెరుసుకోకుంటే దాన్ని వదిలేయండి, అది విండోస్ సొంత ఫోల్డర్, మామూలుగ తెరుసుకోదు, తెరవాల్సిన పని కూడా లేదు. దాన్ని చూసి వైరస్ అనుకొని షాపులకు పోయినోళ్లున్నరు.

రెండోది, అదే పెన్‌డ్రైవ్‌ను ఇంకో సిస్టమ్‌ల పెట్టి చూడండి. ఇది రెండు నిమిషాల పని గాని సగం సమస్య ఇక్కడనే తేలిపోతది. పక్కింటోళ్ల ల్యాప్‌టాప్‌ల ఓపెన్ అయ్యి మీ దాంట్లనే కాకుంటే తప్పు మీ సిస్టమ్‌ది, డ్రైవ్‌ను గెలకొద్దు. ముందు ఆ ల్యాప్‌టాప్‌లనే డేటా కాపీ చేసి పెట్టుకోండి, తర్వాత తీరిగ్గా మీది చూసుకోవచ్చు. అంతటా అదే మెసేజ్ వస్తే తప్పు డ్రైవ్‌లనే ఉన్నది. పాత డెస్క్‌టాప్ అయితే ముందర ప్యానెల్‌ల ఉన్న పోర్టుల కాకుండ ఎనక మదర్‌బోర్డుకు ఉన్న పోర్టుల పెట్టండి, ముందర పోర్టుల వైర్లు లూజైతే డ్రైవ్ వచ్చుడు పోవుడు అయితది, ముఖ్యంగా పెద్ద హార్డ్ డిస్కులు పవర్ సరిపోక తిప్పలు పెడ్తయి.

మూడోది, ఇది చానా మంది చూడరు, డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌కు పోతే జనరల్ ట్యాబ్‌ల ఫైల్ సిస్టమ్ అని ఒక లైను ఉంటది. అక్కడ ఎన్‌టీఎఫ్‌ఎస్ అని ఉందా, ఫ్యాట్ 32 అని ఉందా, ఎక్స్‌ఫ్యాట్ అని ఉందా, లేకపోతే ఆర్ ఏ డబ్ల్యూ, రా అని ఉందా చూడండి. తొవ్వ ఇక్కడనే చీలుతది. ఫ్యాట్ 32లో గాని ఎక్స్‌ఫ్యాట్‌ల గాని విండోస్ ఫైళ్లకు ఇది ఫలానా యూజర్‌ది అని రాసుకునే ఏర్పాటే లేదు, ప్రాపర్టీస్‌ల సెక్యూరిటీ ట్యాబ్ కూడా రాదు. అట్లాంటి డ్రైవ్ యాక్సెస్ డినైడ్ అన్నదంటే అది పర్మిషన్ కాదు, సిస్టమ్‌ల బ్లాక్ అన్నా అయ్యుండాలె, డ్రైవ్ ఖరాబన్నా అయ్యుండాలె. నెట్‌ల చూసి ఓనర్‌షిప్ మార్చాలె అని గంటలు గంటలు కొట్లాడినా అక్కడ మార్చనీకి ఏం ఉండదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ అని ఉంటేనే కింద చెప్పేది మీకు పనికొస్తది.

ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్ అయితే

దీంట్ల ఏమైతదంటే, ఒక సిస్టమ్‌ల ఫైళ్లు కాపీ చేసినప్పుడు వాటికి ఓనర్ ఆ సిస్టమ్‌ల ఉన్న యూజర్ అని లోపల రాసిపెడ్తది, పేరుతోని కాదు, ఎస్ మైనస్ 1 మైనస్ 5 మైనస్ 21 అని మొదలయ్యే ఒక పొడుగు నంబర్‌తోని. ఆ సిస్టమ్‌ల విండోస్ మళ్ల ఎక్కించిండ్రు, లేదా ఆ హార్డ్ డిస్క్ మీ దగ్గరికి వచ్చింది, మీ విండోస్‌కు ఆ నంబర్ ఎవలదో తెల్వదు. భూమి కొనుక్కొని దున్నుకుంటున్నం గాని పాస్‌బుక్కుల ఇంకా పాత పట్టాదారు పేరే ఉన్నట్టు, వస్తువు మీ చేతుల్నే ఉంది, కాయితం మీద వేరేటోళ్లది. అందుకే పేరు మార్పిచ్చుకోవాలె.

అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌తోని లాగిన్ అయ్యి ఉండాలె, మామూలు యూజర్‌తోని ఇది కాదు. దిస్ పీసీల డ్రైవ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ ట్యాబ్, కింద అడ్వాన్స్‌డ్ అని బటన్. కొత్త విండోల పైన ఓనర్ అని ఉంటది, దాని పక్కన ఆ పొడుగు నంబరో, "అనబుల్ టు డిస్‌ప్లే కరెంట్ ఓనర్" అనో ఉంటే మీ రోగం దొరికినట్టే. పక్కన చేంజ్ అని నొక్కండి, డబ్బాల మీ విండోస్ యూజర్ పేరు కొట్టి చెక్ నేమ్స్ నొక్కితే పేరు కింద గీత పడ్తది, ఓకే కొట్టండి. ఇప్పుడు ఓనర్ కింద "రీప్లేస్ ఓనర్ ఆన్ సబ్‌కంటైనర్స్ అండ్ ఆబ్జెక్ట్స్" అని చిన్న టిక్ బాక్స్ వస్తది, అది పెట్టకుంటే బయట డ్రైవ్ ఒక్కటే మీ పేరు మీదికి వస్తది, లోపల ఫోల్డర్లన్ని పాత ఓనర్ పేరు మీదనే ఉంటయి. టిక్ పెట్టి అప్లై కొట్టండి. వేలకొద్ది ఫోటోలు ఉంటే టైం పడ్తది, నడుస్తుండంగ డ్రైవ్ గుంజకండి, చాయ్ తాగి రాండ్రి.

అయినంక ఆ విండోలన్ని మూసేసి మళ్ల ప్రాపర్టీస్ తెరవాలె, ఇది ఊకె చెప్తలేను, కొత్త ఓనర్ ఎవరనేది మళ్ల తెరిస్తేనే సక్కగా చూపిస్తది. ఇప్పుడు సెక్యూరిటీల ఎడిట్, యాడ్, డబ్బాల ఇంగ్లీషుల ఎవ్రీవన్ అని కొట్టి చెక్ నేమ్స్, ఓకే, కింద ఫుల్ కంట్రోల్ దగ్గర అలౌ టిక్, అప్లై. పైన లిస్టుల ఎవలకన్న డినై టిక్ ఉంటే దాన్ని తీసేయండి, ఎందుకంటే అలౌ, డినై రెండూ ఒక్కకాడ ఉంటే విండోస్ డినై మాటనే వింటది, చానా మంది ఫుల్ కంట్రోల్ ఇచ్చినా తెరుసుకుంటలేదు అని తలకాయ పట్టుకునేది దీనికే.

ఈ ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్ అనేది పెన్‌డ్రైవ్‌కు, బయటి హార్డ్ డిస్క్‌కు మాత్రమే. సి డ్రైవ్ మీద మాత్రం పొరపాటున కూడా చేయకండి, విండోస్ ఆగమైతది, మళ్ల ఎక్కించుడు తప్ప తొవ్వ ఉండదు.

మౌస్‌తోని చేస్తుంటే మధ్యల "ఫెయిల్డ్ టు ఎన్యుమరేట్ ఆబ్జెక్ట్స్" అని ఆగిపోతే కమాండ్‌తోని చేయాలె. స్టార్ట్‌ల సీఎండీ అని వెతికి దాని మీద రైట్ క్లిక్ కొట్టి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అనండి. నల్ల విండో వస్తది. ఫోన్ల చెప్పినట్టే చెప్తున్న, మీరు ఇంగ్లీషు అక్షరాలల్ల కొట్టుకోండి: టేక్‌ఓన్ అనే మాట, టేక్ ఎనక ఓన్ గ్యాప్ లేకుండ, అందుల ఒక్కటే ఓ, తర్వాత స్పేస్, స్లాష్ ఎఫ్, స్పేస్, జి కోలన్ బ్యాక్‌స్లాష్, స్పేస్, స్లాష్ ఆర్, స్పేస్, స్లాష్ డి, స్పేస్, వై. ఎంటర్. లిస్టు గిర్రున తిరుగుతది, ఆగేదాక ఉండండి. తర్వాత రెండో కమాండ్, ఐ సి ఏ సి ఎల్ ఎస్ అని కలిపి, స్పేస్, జి కోలన్ బ్యాక్‌స్లాష్, స్పేస్, స్లాష్ గ్రాంట్, స్పేస్, ఎవ్రీవన్ కోలన్ ఎఫ్, స్పేస్, స్లాష్ టి. డ్రైవ్ లెటర్ ఒకటికి రెండుసార్లు చూసుకొనే ఎంటర్ కొట్టండి, జి బదులు సి పడ్డదంటే పైన చెప్పిన ఆగం ఇదే.

ఇదంతా మీ డ్రైవ్ మీద చేసుకోండి, ఎవలిదో దొరికిన డ్రైవ్ తెరుసుడు వేరే సంగతి, దానికి నేను లేను.

తాళం వేసిన డ్రైవ్ అయితే

డ్రైవ్ బొమ్మ మీద పసుపుపచ్చ తాళం కప్ప కనిపిస్తే అది బిట్‌లాకర్, డ్రైవ్ మొత్తానికి విండోస్ వేసే తాళం, ఓనర్ మార్చుడుతోని తెరుసుకోదు. రెండుసార్లు క్లిక్ చేస్తే పాస్‌వర్డ్ అడుగుతది. పాస్‌వర్డ్ మర్చిపోతే 48 అంకెల రికవరీ కీ ఉంటది, బిట్‌లాకర్ పెట్టినప్పుడు అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ల అన్నా దాసి ఉంటరు, ఫైల్‌గా అన్నా, ప్రింట్ తీసి అన్నా, ఈ మూడు జాగలు ఎతుకండి. మీ విండోస్ హోమ్ ఎడిషన్ అయినా పాస్‌వర్డ్ ఉంటే డ్రైవ్ తెరుసుకుంటది, కొత్తగా తాళం వేసుడు మాత్రం దాంట్ల కాదు. పాస్‌వర్డూ లేదు, కీ కూడా లేదు అంటే డేటా రాదు, మేము తీస్తం ఇన్ని పైసలు అయితయి అని ఎవరన్నా అంటే ముందుగాల పైసలు మాత్రం ఇవ్వకండి.

ఇంకో రకం తాళం ఉన్నది, డ్రైవ్ తెరుసుకుంటది, కొన్ని ఫైళ్ల ఐకాన్ మీద మాత్రం చిన్న తాళం ఉండి అవే తెరుసుకోవు. అది ఈఎఫ్ఎస్, ఒక్కో ఫైల్‌కు విండోస్ వేసే తాళం, అట్ల తాళం వేసిన పాత సిస్టమ్‌ల ఉన్న సర్టిఫికెట్, అంటే దాని చెవి, కావాలె. ఆ సిస్టమ్ ఫార్మాట్ అయ్యి సర్టిఫికెట్ బ్యాకప్ కూడా లేకుంటే ఫుల్ కంట్రోల్ ఎంత ఇచ్చుకున్నా యాక్సెస్ డినైడ్ అనే వస్తది.

తప్పు మీ సిస్టమ్‌ల ఉంటే

కాలేజీ ల్యాబ్‌ల గాని ఆఫీస్‌ల గాని పెన్‌డ్రైవ్ పనిచేయకుంటే అది తెలిసే బంద్ పెట్టిండ్రు. అక్కడ రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాసుకునే జాగ) గెలుకుడు, అడ్డదారులు ఎతుకుడు వద్దు, ల్యాబ్ ఇన్‌ఛార్జ్‌ను అడగండి లేదా ఫైల్ మెయిల్ పెట్టుకోండి, కొలువు మీదికి తెచ్చుకునేంత ముచ్చట కాదిది. మీ సొంత ల్యాప్‌టాప్ అయితే, ముఖ్యంగా ఏదన్నా ఆఫీసుల వాడినంక సెకండ్ హ్యాండ్‌ల కొన్నది అయితే, పాత బ్లాకులు అట్లనే ఉండొచ్చు.

విండోస్ ప్రో అయితే విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి వచ్చిన డబ్బాల జీపీఎడిట్ చుక్క ఎంఎస్‌సీ అని ఇంగ్లీషుల కొట్టండి. కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, సిస్టమ్, రిమూవబుల్ స్టోరేజ్ యాక్సెస్, ఇట్ల లోపలికి పోండి. అక్కడ "ఆల్ రిమూవబుల్ స్టోరేజ్ క్లాసెస్, డినై ఆల్ యాక్సెస్" అనేది, రిమూవబుల్ డిస్క్స్ పేరుతోని రీడ్, రైట్, ఎగ్జిక్యూట్ డినై చేసే లైన్లు ఉంటయి. ఏదన్నా ఎనేబుల్డ్ అని ఉంటే దాన్ని నాట్ కాన్ఫిగర్డ్ చేసి సిస్టమ్ రీస్టార్ట్ కొట్టండి. యూజర్ కాన్ఫిగరేషన్ కింద కూడా ఇదే ఫోల్డర్ ఉంటది, అది కూడా చూడాలె, ఒక్కదాంట్లనే చూసి లేదనుకుంటరు.

హోమ్ ఎడిషన్‌ల జీపీఎడిట్ ఉండదు. రిజిస్ట్రీ చూపించే రెజ్‌ఎడిట్ తెరిచి లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్ కింద రిమూవబుల్ స్టోరేజ్ డివైసెస్ అనే ఫోల్డర్ ఉంటే ముందు దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాసుకొని తర్వాత డిలీట్ చేయండి, అది లేకుంటే అక్కడ బ్లాక్ లేనట్టే. డ్రైవ్ అసలు కనిపిస్తనే లేదు, మెసేజ్ కూడా లేదు అంటే అదే రిజిస్ట్రీల సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్ కింద యూఎస్‌బీస్టోర్ చూడండి, అందుల స్టార్ట్ విలువ 4 ఉంటే బంద్ పెట్టినట్టు, 3 చేస్తే నడుస్తది. పైసలు పెట్టి కొన్న యాంటీవైరస్‌లల్ల కూడా డివైస్ కంట్రోల్ అనో యూఎస్‌బీ బ్లాక్ అనో ఒక సెట్టింగ్ ఉంటది, విండోస్‌ల అంతా సక్కగుంటే అది చూడండి.

రైట్ ప్రొటెక్టెడ్ అంటే

ముందు సామాను చూడండి, కెమెరా మెమరీ కార్డ్ అడాప్టర్‌కు పక్కన చిన్న లాక్ ఉంటది, అది కిందికి జరిగి ఉంటే రాసుడు కాదు. అది కాకుంటే అడ్మిన్ సీఎండీల డిస్క్‌పార్ట్ అని కొట్టి లిస్ట్ డిస్క్, సైజు చూసి మీ పెన్‌డ్రైవ్ నంబర్ పట్టుకొని సెలెక్ట్ డిస్క్ ఆ నంబర్, తర్వాత యాట్రిబ్యూట్స్ డిస్క్ క్లియర్ రీడ్‌ఓన్లీ. డిస్క్‌పార్ట్‌ల క్లీన్ అనే కమాండ్ ఉంటది, నెట్‌ల అందరు అదే కొట్టమంటరు, అది పార్టిషన్‌ను తుడిచేస్తది, డేటా కావాలనుకుంటే దాని జోలికి పోవద్దు. ఇంత చేసినా రాస్తలేదు గాని చదువుతుంది అంటే ఆ పెన్‌డ్రైవ్ ఆయుష్షు అయిపోవస్తుంది, ఇట్ల రీడ్ ఓన్లీల పడ్డయి మళ్ల లేవవు, ఉన్నది కాపీ చేసుకొని పక్కన పడేయండి.

ఫోల్డర్లన్ని షార్ట్‌కట్‌లైతే

ఇది మన జిరాక్స్ షాపుల రోగం. నాలుగైదు వందల పెన్‌డ్రైవులు పెట్టి తీసే సిస్టమ్ అది, ఒక్కదాంట్ల వైరస్ ఉంటే అన్నిటికి అంటుకుంటది, వాళ్లను అనేదేం లేదు. ఫోల్డర్ బొమ్మల మీద చిన్న బాణం ఉండి, నొక్కితే యాక్సెస్ డినైడ్ అనో ఇంకేదో అనో వస్తే మళ్ల మళ్ల నొక్కకండి, నొక్కినప్పుడల్ల ఆ వైరస్ నడుస్తది. డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి డిఫెండర్‌తోని స్కాన్ పెట్టండి. తర్వాత అడ్మిన్ సీఎండీల ఏ టి టి ఆర్ ఐ బి అని కలిపి, స్పేస్, మైనస్ హెచ్, స్పేస్, మైనస్ ఆర్, స్పేస్, మైనస్ ఎస్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, స్లాష్ డి, స్పేస్, జి కోలన్ బ్యాక్‌స్లాష్ స్టార్ చుక్క స్టార్. ఇది దాచిపెట్టిన ఫోల్డర్లను బయటికి తెస్తది. కొన్నిసార్లు మీ ఫైళ్లన్ని పేరు లేని ఒక ఫోల్డర్‌లకు జరిపి ఉంటయి, పేరు ఖాళీగా ఉన్నదని డిలీట్ కొట్టకండి, తెరిచి చూడండి. ఫైళ్లు సిస్టమ్‌లకు తెచ్చుకొని, మిగిలిన షార్ట్‌కట్‌లను పీకేయండి. అందుకే షాపుకు పోయేటప్పుడు పీడీఎఫ్ ఒక్కటే ఉన్న చిన్న పెన్‌డ్రైవ్ వేరేగా పెట్టుకోండి, పెండ్లి వీడియో ఉన్నదాన్ని ఆడ పెట్టకండి.

రా అని ఉంటే, ఫార్మాట్ చేయమంటే

ఇది పైన భయపడాలె అన్నది. ఫైల్ సిస్టమ్ విండోస్‌కు అర్థమైతలేదు. ఇక్కడ డ్రైవ్ మీదికి కొత్తగా ఏదీ రాయొద్దు, అదే ముఖ్యం. టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అని రెండు ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లు ఉన్నయి, ఒక్కటే ప్యాకెట్‌ల వస్తయి. టెస్ట్‌డిస్క్ పోయిన పార్టిషన్‌ను ఎతుకుతది, ఫోటోరెక్ ఫైల్ సిస్టమ్‌ను పట్టించుకోకుండ ఫోటోలు వీడియోలు డాక్యుమెంట్లు ఏరుతది, పాత పేర్లు మాత్రం రావు, ఫోల్డర్లు కూడా రావు. ఏరినయి అదే పెన్‌డ్రైవ్‌లకు సేవ్ చేయకండి, సిస్టమ్‌లకో వేరే డిస్క్‌లకో చేయండి.

రా కాదు, ఫ్యాట్ 32నో ఎన్‌టీఎఫ్‌ఎస్‌నో చూపిస్తుంది గాని కొన్ని ఫోల్డర్లు మాత్రం కరప్టెడ్ అంటున్నయి అంటే అడ్మిన్ సీఎండీల సి హెచ్ కె డి ఎస్ కె, స్పేస్, జి కోలన్, స్పేస్, స్లాష్ ఎఫ్. ఇది కొట్టేముందే తెరుసుకుంటున్నయన్ని కాపీ చేసుకోండి, ఎందుకంటే ఇది డేటాను కాపాడేది కాదు, ఫైల్ సిస్టమ్‌ను సాపు చేసేది, తెగిపోయిన ముక్కలను ఫౌండ్ 000 అనే దాచిన ఫోల్డర్‌ల పడేస్తది. రా డ్రైవ్ మీద ఇది అసలు నడవదు. డ్రైవ్ టకటక సప్పుడు చేస్తుందంటే, అంటే తిరిగే హార్డ్ డిస్క్ అయితే, ఏ సాఫ్ట్‌వేర్ పెట్టకుండ తీసేసి డేటా రికవరీ చేసేటోళ్ల కాడికి తీసుకపోండి, నడిపించిన కొద్ది ఇంకా గీసుకపోతది.

లైనక్స్ వాడేటోళ్లకు రెండు ముక్కలు, విండోస్‌ల ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌ల ఉండి మూసిన ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ లైనక్స్‌ల రీడ్ ఓన్లీగనే తెరుసుకోవచ్చు, విండోస్‌ల పూర్తిగా షట్‌డౌన్ చేసి తేవాలె. ఈఎక్స్‌టీ 4 డ్రైవ్ అయితే సుడో చోన్‌తోని ఓనర్ మార్చుకుంటే అయితది. మ్యాక్‌ల ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్ చదువుతది, రాయదు, అది చెడిపోయినట్టు కాదు.

డేటా అంతా బయటికి వచ్చి, వచ్చినయి తెరిచి కూడా చూసుకున్నంకనే ఫార్మాట్. రైట్ క్లిక్, ఫార్మాట్, ఫైల్ సిస్టమ్ దగ్గర ఎక్స్‌ఫ్యాట్ పెట్టండి, అందుల ఓనర్ లొల్లి ఉండదు, పెద్ద వీడియో పడ్తది. ఫ్యాట్ 32ల 4 జీబీ కంటే పెద్ద ఫైల్ ఒక్కటి కూడా పట్టదు, అయితే పాత టీవీలు, కార్ల పాటల ప్లేయర్లు కొన్ని అదే అడుగుతయి, దేనికి వాడుతరో చూసుకొని పెట్టుకోండి. ఎక్స్‌ఫ్యాట్‌కు ఒక బలహీనత ఉన్నది, ఎన్‌టీఎఫ్‌ఎస్ లెక్క జర్నల్, అంటే నడుస్తున్న మార్పులను రాసిపెట్టుకునే చిట్టా, ఉండదు, కాపీ నడుస్తుండంగ గుంజితే తొందరగ చెడిపోతది, అందుకని ఎజెక్ట్ కొట్టి, సేఫ్ టు రిమూవ్ అని వచ్చినంకనే తీయాలె.